మందారం పూసేది కొత్త కొమ్మకే

(మొక్కల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే, మొదలుపెడతాను.

మందారం గురించి మాట్లాడమన్నారు. మందారానికి ప్రసంగం ఎందుకు, కొమ్మ విరిచి గుచ్చితే బతికేస్తుంది కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నిజమే, బతికేస్తుంది. బతకడం వేరు, పూయడం వేరు. నన్ను ఎవరు ఆపి అడిగినా అడిగేది ఏమిటి? "మొక్క ఏపుగా ఉందండీ, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం లేదు." లేదంటే, "మొగ్గలు బోలెడు వేస్తోంది, విచ్చుకోకుండానే రాలిపోతున్నాయి." అదీ కాకపోతే, "కొమ్మ చివర తెల్లగా పిండి పట్టింది, ఏం కొట్టినా పోవట్లేదు." ఈ మూడే కదా? ఇంకేమైనా ఉన్నాయా? లేవు. ఈ మూడు కథలూ మొక్కలో ఒకే చోట జరుగుతాయి. కొమ్మ చివర. నేను ఇవాళ చెప్పేదంతా ఆ చివరి జానెడు కొమ్మ గురించే.

ఇదిగో, పొద్దున కోసుకొచ్చాను. ముందు వరసవాళ్లు చూసి వెనక్కి పంపించండి. మొగ్గలు తుంచకండమ్మా, వెనకవాళ్లు కూడా చూడాలి. ఏం కనపడుతోంది? కింద బూడిదరంగు బెరడు, గట్టిగా ఉంది. అక్కడ మొగ్గ ఉందా? లేదు. పైకి రండి, బెరడు పోయి ఆకుపచ్చ కాడ మొదలైంది. అక్కడినుంచి ఆకు కాడ కొమ్మకి అతుక్కునే మూల చూడండి, ఒక్కో మూలలో ఒక్కో మొగ్గ. కిందది పెద్దది, రేపు విచ్చుకుంటుంది. దానిపైది కొంచెం చిన్నది. ఆపైది ఇంకా చిన్నది. చివర చిగురులో ఉన్నవి కంటికి ఆనవు, గోరుతో ఆకులు విడదీస్తే తెలుస్తాయి. అంటే ఏమిటి? కొమ్మ పెరుగుతూ ఆకు వేస్తుంది, ఆకు వేసిన చోట మొగ్గ వేస్తుంది. పెరగడం ఆగిందా, మొగ్గ ఆగింది. ముదురు కొమ్మ మళ్లీ వెనక్కి తిరిగి పూయదు. మందారం పూసేది కొత్త కొమ్మకే. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా మీకు మీరే చెప్పుకోగలరు. నేను ఇంటికి వెళ్లిపోవచ్చు కూడా. కానీ గంట ఇచ్చారు కాబట్టి చెబుతాను.

ముందు పువ్వు సంగతి రెండు ముక్కలు. ఒంటిరెక్క మందారం తీసుకోండి. అడుగున ఆకుపచ్చ గిన్నె, దాని కింద సన్నటి ఆకుల్లాంటివి ఇంకో వరస ఉంటాయి, చాలామంది గమనించరు. పైన అయిదు రెక్కలు. మధ్యలోంచి పొడుగ్గా బయటికొచ్చే గొట్టం ఉంది చూశారా, దాని చుట్టూ పసుపుపచ్చ పుప్పొడి తిత్తులు, కొసన అయిదు ఎర్రని బొడిపెలు. కేసరాల కాడలన్నీ ఒకటిగా కలిసిపోయి ఆ గొట్టం అయింది, కొసన బొడిపెల్ని మోసే కాడ, కీలం అంటారు, దాని లోపల్నుంచి వస్తుంది. పత్తి పువ్వులో చూడండి, బెండ పువ్వులో చూడండి, ఇదే గొట్టం. అన్నీ ఒకే కుటుంబం. అందుకే పత్తికి పట్టే పురుగూ బెండకు పట్టే పురుగూ మందారం వాసన పసిగడతాయి. పక్కపక్కన పెంచేవాళ్లు కాస్త చూసుకోవాలి.

పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. కొన్ని సంకర రకాల్లో రెండు మూడు రోజులు ఉంటుంది. ఇంకో తమాషా ఉంది, ఎప్పుడైనా చేసి చూడండి. పొద్దున విచ్చిన పువ్వును కోసి, నీళ్లలో పెట్టకుండా ఊరికే బల్లమీద పెట్టండి. చెట్టుమీద ఉన్న పువ్వు ఎంతసేపు ఉంటుందో ఇదీ దాదాపు అంతసేపూ ఉంటుంది. అంటే పువ్వు వాడేది దాహంతో కాదు, దాని గడియారం దానిది. పొద్దున పూసినది సాయంత్రం ముడుచుకుపోతే కంగారుపడి నీళ్లు పొయ్యకండి.

మరి రోజుకో పువ్వు రాలిపోయే చెట్టు రోజూ పూలతో కనపడాలంటే ఎన్ని కొమ్మ చివరలు కావాలి? ఒక్క కొమ్మ ఉంటే ఎప్పుడో ఒక పువ్వు. ఇరవై చివరలుంటే రోజూ అయిదారు. లెక్క సులువు. చివరలు ఎలా పెంచుతాం? కత్తిరించి. ఇక్కడే అందరికీ చెయ్యి రాదు. "పచ్చగా ఉన్న కొమ్మను ఎలా కొయ్యమంటారండీ?" అంటారు. కొయ్యకపోతే ఏమవుతుందో చెప్పనా? కొమ్మ చివర ఉన్న చిగురు కింద కణుపుల్ని లేవనివ్వదు. దానిలో తయారయ్యే హార్మోను, ఆక్సిన్ అంటారు, కిందికి దిగి పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. చివర తీసేశారా, కింద రెండో మూడో కణుపులు లేస్తాయి. ఒకటి పోయి మూడు వచ్చాయి. ఆ మూడూ కొత్త కొమ్మలే, మూడూ పూస్తాయి.

ఎలా కొయ్యాలి? మంచి పదునున్న కత్తెర, స్పిరిటుతో తుడిచి తీసుకోండి. కొమ్మ పొడవులో మూడో వంతు దాకా తియ్యొచ్చు. కణుపుకి ఒక అర సెంటీమీటరు పైన, కొద్దిగా ఏటవాలుగా. ఏ కణుపు? చెట్టు బయటివైపు చూస్తున్న కణుపు. లోపలివైపు చూసే కణుపు మీద కోస్తే కొత్త కొమ్మ చెట్టు మధ్యలోకి దూరుతుంది, అక్కడ ఎండ ఉండదు, గాలి ఆడదు, పురుగు చేరుతుంది. బక్కపలచగా ఉన్నవీ, ఒకదానిమీద ఒకటి రాసుకుంటున్నవీ మొదలంటా తీసెయ్యండి.

ఎప్పుడు? వెచ్చదనం మొదలై చిగురు వేసే కాలానికి ముందు. చలికాలం మొదలయ్యేటప్పుడు మాత్రం గట్టిగా కొయ్యకండి, లేత చిగురు చలికి మాడిపోతుంది. కోసిన తర్వాత పువ్వు కోసం రెండు నెలలు అటూ ఇటూ ఓపిక పట్టాలి. పెద్ద పూల సంకర రకాలైతే ఇంకా ఆలస్యం. అన్ని రోజులు చెట్టు బోసిగా ఉంటే చూడలేమంటారా? సగం కొమ్మలు ఇప్పుడు కొయ్యండి, మిగతా సగం ఒక నెల పోయాక. మొదటివి పూతకొచ్చేసరికి రెండోవి చిగురు మీద ఉంటాయి. నాకైతే ఈ పద్ధతే నచ్చుతుంది, చెట్టు పూర్తిగా పూత ఆపదు, మనకీ గుండె ధైర్యం ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది మీలో చాలామందికి అనుభవమే. నర్సరీలో కొన్నప్పుడు మొక్క మూరెడే ఉంటుంది, గుబురుగా, నిండా మొగ్గలు. ఇంటికి తెచ్చిన కొన్ని నెలలకి సాగిపోయి, కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు దూరం, పూలు తగ్గాయి. "నేనేం తప్పు చేశానండీ?" అని అడుగుతారు. మీరేం చెయ్యలేదు. కుండీల్లో అమ్మడానికి పెంచే మందారాలకి చాలాచోట్ల ఎదుగుదల తగ్గించే మందులు కొడతారు, క్లోర్మెక్వాట్ లాంటివి. మొక్క పొట్టిగా, ముద్దుగా ఉంటుంది. మందు ప్రభావం దిగాక అది తన అసలు ఎత్తుకు ఎదగడం మొదలుపెడుతుంది. అప్పుడు కత్తెర మీ చేతికి రావాలి. అంతే.

ఎండ. దీనిమీద ఎక్కువ చెప్పను. రోజుకి ఆరు గంటల ఎండ పడని చోట మందారం ఆకుల మొక్కే. నీడలో కొత్త కొమ్మ వస్తుంది, సాగుతుంది, కానీ మొగ్గ వేసే బలం ఉండదు. మధ్యాహ్నం ఎండ మరీ నిప్పులు కురిసే చోట కుండీని కాస్త చాటుకు జరపొచ్చు. పదే పదే జరపకండి మాత్రం, ఎందుకో తర్వాత చెబుతాను.

మట్టి గురించి ఇంకా తక్కువ చెబుతాను. నీళ్లు పోస్తే నిలవకూడదు, అలాగని చటుక్కున ఎండిపోకూడదు. తోట మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, కోకోపీట్ అనే కొబ్బరి పీచు పొట్టు, కాస్త ఇసుక. పాళ్లు మీ మట్టిని బట్టి. మట్టి కొద్దిగా ఆమ్లం వైపు ఉండాలి, పీహెచ్ 6కీ 7కీ మధ్య. చిన్న మొక్కకి ఒక్కసారే పెద్ద డ్రమ్ము పెట్టకండి. వేళ్లు చేరని మట్టిలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మొక్క ఎదిగేకొద్దీ ఒక్కో సైజు పెంచుకుంటూ పొండి.

నీళ్లకి గంట కొట్టినట్టు వేళ పెట్టుకోకండి. వేలు మట్టిలోకి గుచ్చి చూడండి, పై అంగుళం పొడిగా ఉందా, పొయ్యండి. తడిగా ఉందా, ఆగండి. వేసవిలో రోజుకి రెండుసార్లు అడిగినా అడుగుతుంది, ముసురు పట్టినప్పుడు వారం రోజులు అక్కర్లేకపోవచ్చు.

ఇక ఎరువు. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. "పూలు రావాలంటే భాస్వరం వెయ్యాలి" అని మనకి ఒక మాట పట్టుకుంది. పూలు రావట్లేదు, బోన్ మీల్ వెయ్యి. ఇంకా రాలేదు, డీఏపీ నాలుగు గింజలు వెయ్యి. అవునా కాదా? మిగతా మొక్కల సంగతి ఎలా ఉన్నా మందారానికి ఇది పనికిరాదు. మందారం భాస్వరం తక్కువ వాడుకుంటుంది. వాడుకోనిది కుండీలో పేరుకుంటుంది. పేరుకున్న భాస్వరం ఏం చేస్తుంది? ఇనుము లాంటి సూక్ష్మ పోషకాలు వేళ్లకి అందకుండా అడ్డం పడుతుంది. లేత ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరుగుతుంది. చిగురు దెబ్బతింది. చిగురు దెబ్బతింటే మొగ్గ ఎక్కడిది? అంటే పూల కోసం వేసిందే పూలకి అడ్డం.

మందారానికి కావలసింది పొటాష్. ఎరువు సంచి మీద మూడు అంకెలుంటాయి కదా, మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. మధ్య అంకె అన్నిటికన్నా చిన్నదిగా, చివరి అంకె పెద్దదిగా ఉన్నది తెచ్చుకోండి. ప్రత్యేకంగా మందారాలే పెంచేవాళ్లు 17-5-24 లాంటి పాళ్లు వాడతారు. ఒకేసారి గుప్పెడు కాకుండా కొద్దికొద్దిగా, తరచుగా. తడి మట్టిలోనే వెయ్యాలి, పొడి మట్టిలో వేస్తే వేరు మాడుతుంది. నత్రజని మరీ ఎక్కువైతే? ఆకులు అరచెయ్యంత, పువ్వు సున్న. పైగా ఆ మెత్తటి చిగురంటే పురుగుకి మహా ఇష్టం.

అరటి తొక్కల నీళ్లు పోస్తున్నాం అంటున్నారా? పొయ్యండి, నష్టం లేదు. దాంట్లో పొటాష్ ఉంది, కానీ ఆ నీళ్లలోకి దిగేది కొంచెమే. అదే మొత్తం ఆహారం అనుకుంటే మొక్క పస్తు ఉన్నట్టే.

ఆకులు పసుపుపచ్చగా మారడం గురించి చీటీ వచ్చింది. ఏ ఆకు, ఎక్కడ అని ముందు చూడండి. అడుగున ముసలి ఆకు ఒకటీ అరా పండిందా, దాని వయసు అయిపోయింది, వదిలెయ్యండి. ఒక్కసారే పది ఆకులు పండాయా, నీళ్లు ఎక్కువో తక్కువో అయ్యాయి, లేదా చోటు మారింది. లేత ఆకులకి ఈనెల మధ్య పసుపా, ఇనుము అందట్లేదు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైనా ఇదే జరుగుతుంది. అప్పుడు చీలేటెడ్ ఐరన్, అంటే వేళ్లు తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము, వాడొచ్చు. ముదురు ఆకులకి ఈనెల మధ్య పసుపా, మెగ్నీషియం లోపం కావచ్చు, మెగ్నీషియం ఉన్న ఎప్సమ్ సాల్ట్ పనిచేస్తుంది. అన్నిటికీ ఎప్సమ్ సాల్ట్ చల్లడం మాత్రం వైద్యం కాదు.

ఇప్పుడు అసలు బాధ, మొగ్గ రాలడం. రాలిన మొగ్గను తీసుకుని మీరేం చేస్తారు? తుడిచి పారేస్తారు. పారెయ్యకండి, దాన్ని ముందు చదవండి. మొగ్గ కాడను పట్టి చూస్తే సన్నటి గీత, చిన్న కీలులాంటిది ఉంటుంది. మొగ్గ రాలేది అక్కడే. మొక్కకి కష్టం వచ్చినప్పుడు దానిలో ఇథిలీన్ అనే వాయువు పెరుగుతుంది, ఆ కీలు దగ్గర కణాలు విడిపోతాయి, మొగ్గ జారిపోతుంది. ఆ కష్టం ఏదైనా కావచ్చు. ఒకరోజు నీళ్లు మరిచి మర్నాడు కుండీ నింపడం. ఉన్నట్టుండి ఎండ ముదరడం. ఎండలోంచి నీడలోకి జరపడం. అందుకే ఇందాక అన్నాను, కుండీని మాటిమాటికీ జరపకండని. మొగ్గలు కట్టిన మొక్కను కొని తెస్తే మొదటివారంలో సగం రాలతాయి, అది మామూలే. ముద్ద మందారాలు ఒంటిరెక్కవాటికన్నా సున్నితం, వాటికి ఇంకా ఎక్కువ రాలతాయి.

ఇవేవీ లేవు, అయినా రాలుతున్నాయి అంటే బ్లేడు తీసుకుని మొగ్గను నిలువునా చీల్చండి. లోపల తామర పురుగులుంటే సన్నటి నలుసుల్లా పరిగెడతాయి. అవి కాక తెల్లగానో లేత పసుపుగానో బుల్లి పురుగులు కదులుతూ, ఒక్కోసారి ఎగిరిపడుతూ కనపడితే అది మొగ్గ ఈగ. దోమలాంటి చిన్న ఈగ మొగ్గలో గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపలే తింటాయి, మొగ్గ పసుపు తిరిగి రాలుతుంది. రాలాక పురుగు మొగ్గలోంచి బయటికొచ్చి ఎక్కడికి పోతుంది? మట్టిలోకి. మట్టిలో కోశస్థ దశ, అంటే పురుగు ఈగగా మారే దశ, గడిపి మళ్లీ ఈగగా లేస్తుంది. మొత్తం చక్రం మూడు వారాలు. ఇప్పుడు చెప్పండి, పైన మందు కొడితే ఏం లాభం? పురుగు మొగ్గ లోపలో, మట్టి కిందో ఉంది. చెయ్యాల్సింది ఏమిటంటే, రాలినవీ, చెట్టుమీదే పసుపు తిరిగినవీ ప్రతిరోజూ ఏరి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి గట్టిగా కట్టి ఎండలో పడెయ్యండి. కంపోస్టులో వెయ్యకండి, పురుగుని మనమే పెంచినట్టు. నాలుగైదు వారాలు పట్టు వదలకుండా ఏరితే చక్రం తెగుతుంది. మందులేని పని, కానీ ఓపిక పని.

పిండినల్లి. దీనికి కూడా కొమ్మ చివరే కావాలి, లేత రసం అక్కడే ఉంది కాబట్టి. చిగురు ముద్దగా ముడుచుకుపోయి, ఆకులు ముడతలు పడి, కణుపులు దగ్గరదగ్గరగా వచ్చాయంటే పైకి తెల్లగా కనపడకపోయినా విప్పి చూడండి, లోపల ఉంటుంది. గులాబీరంగు పిండినల్లి రసం పీలుస్తూ లాలాజలంలో విషపదార్థం వదులుతుంది, అందుకే ఆ వంకర. ఈ పురుగు ఎంత పని చెయ్యగలదంటే, 1994లో కరీబియన్ సముద్రంలో గ్రెనడా దీవిలో బయటపడింది, అక్కణ్నుంచి దీవి తర్వాత దీవి పాకింది. మందారం కంచెలు, తోటలు మోడువారాయి. మందులతో లొంగలేదు. చివరికి దాని గుడ్డుమూట వెతికి తినే అక్షింతల పురుగునీ, దాని ఒంట్లోనే గుడ్డుపెట్టే అనగైరస్ కమాలి అనే చిన్న కందిరీగనీ తెచ్చి వదిలితే అదుపులోకొచ్చింది. ఎందుకు చెబుతున్నానంటే, ఘాటు మందు కొడితే ముందు చచ్చేది ఈ మిత్రులే. పిండినల్లికి ఒంటిమీద మైనం పొడి ఉంది, అది తప్పించుకుంటుంది.

మరి మనమేం చెయ్యాలి? ముడుచుకున్న చివర కత్తిరించి సంచిలో కట్టెయ్యండి. ఎలాగూ కత్తిరిస్తే మూడు కొమ్మలొస్తాయని చెప్పాను కదా, నష్టమేముంది? మిగతాదానికి గొట్టంతో జోరుగా నీళ్లు కొట్టి కడగండి. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొన్ని చుక్కల సబ్బు ద్రావణం, బాగా గిలకొట్టి సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టండి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే గుడ్లు పగిలి మళ్లీ మొదలు. చీమలు ఎక్కుతున్నాయేమో చూడండి. పిండినల్లి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాని శత్రువుల్ని తరిమేస్తాయి. చీమల దారి మూస్తే సగం పని అయినట్టే. పేనుబంక, తెల్లదోమ కూడా ఇదే నీళ్ల దెబ్బకీ వేపనూనెకీ లొంగుతాయి.

కొమ్మ నాటడం అందరికీ తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తాను. మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా నడిమి కొమ్మ, పెన్సిలు లావు, 10 నుంచి 15 సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులు. కింది ఆకులు తీసెయ్యండి, పైన రెండు ఉంచి వాటినీ సగానికి కత్తిరించండి. మొగ్గలుంటే గిల్లెయ్యండి. వేరు తెప్పించే పొడి ఉంటే అద్దండి. ఇసుకా కోకోపీటూ కలిపిన దాంట్లో గుచ్చి, నీడలో, తేమ పోకుండా ఉంచండి. నెల నుంచి రెండు నెలల్లో వేళ్లొస్తాయి. చిగురు రాగానే సంబరపడి పీకి చూడకండి, కొమ్మలో దాచుకున్న శక్తితో వేరు లేకుండానే చిగురు వస్తుంది.

గింజ నాటొచ్చా అని అడుగుతున్నారు. నాటొచ్చు, కానీ తల్లి పువ్వు రాదు. మందారాన్ని లినేయస్ 1753లో పేరు పెట్టి గ్రంథానికెక్కించాడు, అప్పటికే అది తోటల మొక్క. ఈ తోట మందారం అడవిలో తనంతట తాను పెరుగుతూ ఎక్కడా కనపడలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా హవాయి, పసిఫిక్ దీవులు, తూర్పు ఆఫ్రికా జాతులతో కలిపి కలిపి వేల రకాలు పుట్టించారు. క్రోమోజోముల సంఖ్యే రకానికీ రకానికీ మారిపోతుంది. ఒక కాయలో గింజలు నాటితే ఏ రెండూ ఒకలా పుయ్యవు. కొత్త రకం పుట్టించాలనే సరదా ఉంటే నాటండి, చాలా బాగుంటుంది. ఉన్న పువ్వే కావాలంటే కొమ్మ, లేకపోతే అంటు.

పక్కన అమ్మగారు ఒకటి అడిగారు, పువ్వు రంగు కాలాన్ని బట్టి మారుతోందని. మీ కళ్లు మోసపోలేదు. చల్లటి రోజుల్లో పువ్వు పెద్దదిగా, రంగు చిక్కగా వస్తుంది. ఎండలు ముదిరితే చిన్నబోతుంది, రంగు పలచబడుతుంది. రంగురంగుల సంకర రకాల్లో ఇది మరీ ఎక్కువ. ఒకే కొమ్మకి పూసిన రెండు పూలు వేరు చెట్లవా అనిపిస్తాయి.

చలి బాగా పడే చోట పెంచేవాళ్ల కోసం ఒక్క మాట. 10 డిగ్రీల కిందికి దిగితే మందారం ముడుచుకుంటుంది, మంచు గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది. కుండీని లోపల కిటికీ వెలుతురులోకి తెచ్చుకోండి, నీళ్లు తగ్గించండి, ఎరువు ఆపెయ్యండి. ఆకులు రాలితే పీకి పారెయ్యకండి. గోటితో బెరడు గీకితే కింద పచ్చగా ఉందా, బతికే ఉంది.

ఆఖరి చీటీ. "అంటు మందారం తెచ్చాను, పసుపు పువ్వు పూసేది, ఇప్పుడు ఎర్ర పూలు పూస్తోంది, మారిపోయిందా?" మారలేదండీ. పెద్ద పూల రకాలకి సొంత వేరు బలహీనం, అందుకని గట్టి వేరున్న మామూలు మందారం మీద అంటు కడతారు. ఆ కింది మొక్కకి చిగుళ్లొచ్చి, పైదానికన్నా జోరుగా పెరిగి, దాన్ని అణిచేసింది. అంటు కట్టిన చోట కాండం మీద బొడిపెలా, కాస్త వంకరగా ఉంటుంది. దాని కిందనుంచి వచ్చినది ఏదైనా, ఎంత పచ్చగా ఉన్నా, మొదలంటా తీసెయ్యాలి. మీ మొక్కలో ఆ బొడిపె పైన ఒక్క కొమ్మైనా పచ్చగా మిగిలి ఉంటే కింది ఎర్రపూల కొమ్మలన్నీ ఇవాళే కొయ్యండి, పసుపుది మళ్లీ అందుకుంటుంది. కోసిన ఎర్ర కొమ్మలు పారెయ్యకుండా ఇలా ఇవ్వండి, ఇక్కడ చాలామంది అడుగుతున్నారు.